తినుట, విసర్జించుట, ఎక్కించుట – రక్తనిషేధ వాక్యార్థ విచారణ

మతవిశ్వాసం కారణంగా రక్తం ఎక్కించుకోవడానికి నిరాకరించే రోగి ప్రస్తావన వచ్చినప్పుడు 'మూఢనమ్మకం' అనే ఒక్క మాటతో చర్చ ముగించడం అలవాటు. ఆ మాట ఇక్కడ సరిపోదు. పిల్లి ఎదురైతే ప్రయాణం మానుకునేవాడు ఏ గ్రంథాన్నీ ప్రమాణంగా చూపించడు. యెహోవాసాక్షి చూపిస్తాడు, అధ్యాయ వచన సంఖ్యలతో సహా. అతని నిరాకరణ ఒక గ్రంథాన్ని ఒక పద్ధతిలో చదవడం వల్ల కలిగిన ఫలితం. ఆ పఠనం సరైనదా అన్న ప్రశ్నను వైద్యుడు వేయడు, అతనికి వ్యవధి లేదు. న్యాయస్థానం వేయదు, దానికి అధికారం లేదు. కనీసం సాహిత్యమైనా వేసిందా అన్నది పరిశీలించదగిన విషయం.

ఈ అంశం మీద వచ్చిన రచనల్లో బాగా ప్రసిద్ధమైనది ఇయన్ మెక్యూవన్ ఆంగ్ల నవల 'ద చిల్డ్రన్ యాక్ట్' (2014). 1989లో బ్రిటన్ చేసిన బాలల చట్టం పేరే నవల పేరు. లుకేమియాతో ఆసుపత్రిలో ఉన్న ఆడమ్ అనే యువకుడికి పద్ధెనిమిదేళ్ళు నిండడానికి కొద్ది నెలలే మిగిలి ఉంటాయి. అతనూ తల్లిదండ్రులూ యెహోవాసాక్షులు, రక్తం వద్దంటారు. ఆసుపత్రి కోర్టుకెక్కుతుంది. న్యాయమూర్తి ఫియోనా అతణ్ణి ఆసుపత్రిలో చూసి, మాట్లాడి, అతని వయొలిన్‌కు తోడుగా పాట పాడి, తిరిగి వచ్చి చికిత్సకు అనుమతి ఇస్తుంది. ఆడమ్ బతుకుతాడు. తర్వాత పద్ధెనిమిదేళ్ళు నిండి, వ్యాధి తిరగబెట్టినప్పుడు రక్తం నిరాకరించి మరణిస్తాడు. ఇది పూర్తిగా కల్పన కాదు. 1990లో న్యాయమూర్తి అలన్ వార్డ్ విచారించిన ఒక కేసులో పదహారేళ్ళు నిండని అబ్బాయికి కోర్టు ఆజ్ఞతో రక్తం ఎక్కించారు. వయోజనుడయ్యాక అతను నిరాకరించి చనిపోయాడు.

నవలలో కోర్టు దృశ్యం పకడ్బందీగా ఉంటుంది. తండ్రిని అడ్డుప్రశ్నలు వేసే న్యాయవాది, 1945కు ముందు ఈ నిషేధం లేదు కదా అని నిలదీస్తాడు. ప్రశ్న పదునైనదే. కాని అది ఈ వ్యాఖ్య ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అన్న వైపుకే పోతుంది. వాక్యం ఏం చెబుతున్నది అన్న వైపు చర్చ లీలగా మొదలై నిలవకుండా జారిపోతుంది. ఆ తర్వాత నవల విశ్వాసానికి ఎదురుగా సంగీతాన్ని, కవిత్వాన్ని, ఒక స్త్రీ పట్ల యువకుడి ఆరాధనను నిలబెడుతుంది. ఆడమ్ ఒక ఆశ్రయాన్ని వదిలి మరో ఆశ్రయం వెతుక్కుంటాడు. అది దొరకనప్పుడు మొదటి దానికే తిరిగి వెళతాడు. మానసికంగా ఈ చిత్రణ నమ్మదగినది. అయితే అతను ఏ వాక్యం కోసం మరణించాడో ఆ వాక్యాన్ని నవల ముగిసేదాకా ఎవరూ కూర్చుని చదవరు. నవల బలహీనత అక్కడుంది.

నిషేధానికి ఆధారంగా చూపే వచనాలు ప్రధానంగా మూడు చోట్ల ఉన్నాయి. ఆదికాండం తొమ్మిదో అధ్యాయంలో జలప్రళయం తర్వాత నోవహుకు మాంసాహారం అనుమతిస్తూ, రక్తంతో కూడిన మాంసం తినవద్దన్న నియమం ఉంది. లేవీయకాండం పదిహేడో అధ్యాయం రక్తం తినేవాణ్ణి జనంలోనుంచి కొట్టివేస్తానంటుంది. దేహానికి ప్రాణం రక్తంలో ఉందని కారణం చెబుతుంది. అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయంలో, యూదేతరులుగా ఉండి క్రైస్తవులైనవారు ఏయే నియమాలు పాటించాలన్న వివాదం యెరూషలేము పెద్దల ముందుకు వచ్చినప్పుడు, వారు నాలుగింటిని వదులుకోమని ఉత్తరం రాస్తారు. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం.

తెలుగు బైబిలులో మొదటి రెండు చోట్లా క్రియ 'తిను'. మూడోచోట 'విసర్జించు'. వివాదమంతా ఈ రెండు క్రియల మధ్య దూరంలోనే ఉంది. 'తిను' అన్నచోట నిషేధం నోటికి సంబంధించినదని ఎవరైనా ఒప్పుకుంటారు. 'విసర్జించు' అన్నచోట ఆ కట్టు తెగిపోతుంది. గ్రీకు మూలంలోనూ దూరంగా ఉండటమనే అర్థమే గాని తినడమన్న మాట లేదు. సాక్షుల వాదానికి బలం ఇక్కడే. వైద్యుడు మద్యం మానమంటే దాన్ని సూదితో నరంలోకి పంపించుకోవచ్చునా అని వారి పుస్తకాలు అడిగే ప్రశ్న ప్రసిద్ధమే. దీన్ని పూర్వపక్షంగా గౌరవించాలి. నవ్వి కొట్టివేయదగినది కాదు.

'ప్రాణం' అన్న మాట దగ్గర తెలుగు పాఠకుడికి మరో చిక్కు ఉంది. హీబ్రూలోని 'నెఫెష్' అనే పదానికి తెలుగు అనువాదకులు ఈ చోట్ల ప్రాణమనే మాట వాడారు. అంతకన్న మంచి మాట దొరికేది కాదు. అయితే సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన ప్రాణం వాయువు, పంచవాయువుల్లో మొదటిది. ప్రాణం పోవడమంటే ఊపిరి ఆగడమే. ప్రాణానికి రక్తం నెలవన్న భావన ఈ దేశంలో లేదని కాదు. సుశ్రుతుడు దేహానికి మూలం రక్తమనీ, దాన్ని యత్నపూర్వకంగా కాపాడుకోవాలనీ అన్నాడు. కాని కాపాడుకోవాలన్న ఆ బోధ నుంచి, తీసుకోకూడదన్న నిషేధం పుట్టలేదు. ఒకే భావం రెండు సంప్రదాయాల్లో రెండు విధులకు దారితీసింది.

ఇక ఈ పఠనానికి ఉన్న చరిత్ర. సాక్షుల పత్రిక 'కావలికోట' 1945లో రక్తమార్పిడిని దేవుని నియమానికి విరుద్ధమని ప్రకటించింది. 1961 నుంచి రక్తం తీసుకుని పశ్చాత్తాపపడనివారిని బహిష్కరించడం మొదలైంది. అవయవ మార్పిడిని 1967లో నరమాంస భక్షణతో సమానంగా చూసి, 1980లో వ్యక్తి మనస్సాక్షికి వదిలేశారు. 2000 నాటికి రక్తాన్ని నాలుగు ప్రధాన భాగాలుగా విడదీసి, ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా కూడదనీ, వాటి నుంచి తీసిన సూక్ష్మాంశాల సంగతి ఎవరి మనస్సాక్షికి వారు తేల్చుకోవాలనీ చెప్పారు. వచనం మారలేదు. క్రియకు చెప్పుకున్న పరిధి మారుతూ వచ్చింది.

1980 నాటి నిర్ణయం ప్రత్యేకంగా గమనింపదగినది. మూత్రపిండాన్ని తినడం వేరు, మూత్రపిండాన్ని దేహంలో అమర్చుకోవడం వేరు అన్న భేదాన్ని అది చేతల్లో అంగీకరించినట్టే. రక్తం కూడా ద్రవరూపంలో ఉన్న అవయవమే. తిన్న రక్తం జీర్ణమై మాంసకృత్తుగా విడిపోతుంది. సిరలోకి ఎక్కించిన ఎర్రకణం జీర్ణం కాదు. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును మోస్తూ తన పని తాను చేస్తుంది. ఎన్ని సీసాల రక్తం ఎక్కించినా ఆకలి తీరదు. మద్యంతో పోలిక చెడేది ఇక్కడే. మద్యం నోట పోసినా నరంలో పోసినా చేసే పని ఒకటే, రక్తానికి అది వర్తించదు.

అయినా పోలిక ఎక్కడి నుంచి పుట్టిందో చెప్పుకోవాలి. 1667లో పారిస్‌లో గొర్రెపిల్ల రక్తాన్ని ఒక బాలుడికి ఎక్కించిన జాన్ బాతిస్త్ దెనీ, ఆ పనిని దగ్గరి దారిలో అందించే పోషణగా భావించాడు. తిన్న అన్నం చివరికి రక్తమే అవుతుంది గనుక నేరుగా రక్తమే ఇస్తే సరిపోతుందన్నది అతని తర్కం. ఆయుర్వేదంలోని సప్తధాతు క్రమం తెలిసినవారికి ఇది వింతగా తోచదు. ఆహారం రసమై, రసం రక్తమవుతుందని అక్కడా ఉంది. పాలిపోయిన పిల్లకు ఒంటికి రక్తం పట్టాలని బెల్లం, ఖర్జూరం పెట్టే తెలుగు తల్లి మాటలోనూ అదే శరీరశాస్త్రం ఉంది. అంటే సాక్షులు రక్తమార్పిడిని భోజనంగా చదవడం మతం ఒక్కదాని వల్ల జరిగినది కాదు. వైద్యం తాను వదిలేసిన పాత ఊహను మతం దాచిపెట్టుకుంది.

నిషేధ వాక్యాలను చదివే పద్ధతి భారతీయ శాస్త్రాల్లో అతి సూక్ష్మంగా పెరిగింది. కలంజాన్ని తినకూడదన్న వాక్యం మీమాంసకులకు నిషేధానికి నిత్యోదాహరణ. వారు పెట్టిన ముఖ్యమైన షరతు, ప్రసక్తి ఉన్నదానికే నిషేధం అన్నది. మనిషి దేనివైపు తనంతట తాను పోతాడో దాని నుంచి మళ్ళించడమే నిషేధం పని. రుచి మీది రాగంతో మనిషి రక్తం తినబోతాడు, గనుక తినవద్దన్న మాటకు అర్థముంది. రక్తమార్పిడి ప్రసక్తే లేని కాలంలో పుట్టిన వాక్యం దాన్ని నిషేధించిందనాలంటే దేవుడు భవిష్యత్తును ఎరిగే పలికాడనాలి. సాక్షి ఆ మాటే అంటాడు. సర్వజ్ఞుడైన వక్తను ఒప్పుకున్నవాడి ముందు ప్రసక్తి న్యాయం అంతగా పనిచేయదని గుర్తించడం మంచిది. మీమాంసకుడి వేదానికి వక్త లేడు, బైబిలుకు ఉన్నాడు.

కాబట్టి మరో మార్గం చూడాలి. 'విసర్జించు' అనే క్రియ ఒంటరిగా పూర్తి అర్థం ఇవ్వదు. దేన్ని అన్నది వాక్యంలో ఉంది, దానితో ఏం చేయడాన్ని అన్నది లేదు. దాన్ని అధ్యాహారం చేసుకోవాలి. నాటువైద్యుడు రోగితో పులుపుకు దూరంగా ఉండమంటాడు. తినవద్దని అర్థం. ఆ మాట విన్న ఇల్లాలు చింతపండుతో ఇత్తడి బిందె తోమడం మానదు. తల్లి పసివాడితో నిప్పుకు దూరంగా ఉండమంటే ముట్టుకోవద్దని అర్థం. లోపించిన క్రియను ప్రకరణం పూరిస్తుంది.

అపొస్తలుల ఉత్తరంలో ప్రకరణం ఏమిటి? యూదులు, యూదేతరులు ఒకే సంఘంగా, ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఎలాగన్న చిక్కు. రక్తానికి అటూ ఇటూ ఉన్నవి విగ్రహార్పితాలు, గొంతు పిసికి చంపినవి. రెండూ ఆహారమే. అనేకార్థ శబ్దాల అర్థనిర్ణయానికి భర్తృహరి ఇచ్చిన జాబితాలో సాహచర్యం ఒకటి. ఆ న్యాయాన రక్తమూ ఆహారమే కావాలి. నాలుగోదైన జారత్వం ఆహారం కాదు కదా అని సాక్షి అడుగుతాడు. న్యాయమైన అభ్యంతరమే. దానికి సమాధానం సాహచర్యంలో దొరకదు, నిషేధానికి చెప్పిన హేతువులో దొరుకుతుంది. రక్తం ప్రాణానికి గుర్తు గనుక, ప్రాణి ప్రాణం తీసినవాడు ఆ గుర్తును తనకోసం వాడుకోకూడదు. అదే లేవీయకాండంలో తనంతట చచ్చినదాన్నో, మృగాలు చీల్చినదాన్నో తిన్నవాడికి కొట్టివేత లేదు. బట్టలు ఉతుక్కుని స్నానం చేయాలి, సాయంత్రం దాకా అశుచి, అంతే. చచ్చిన జంతువులోనూ రక్తం ఉంటుంది. అయినా శిక్ష తేలికైంది. తినేవాడు ప్రాణం తీయలేదన్నదే ఇక్కడ కనిపించే తేడా. దాత నుంచి తీసిన సీసాడు రక్తంలో ఏ ప్రాణమూ పోలేదు; దాత లేచి టీ తాగి ఇంటికి పోతాడు.

రక్తపానం అన్న క్రియకు హద్దు ఎక్కడ అన్న ప్రశ్న తెలుగు సాహిత్య విద్యార్థికి కొత్త కాదు. దుశ్శాసనుడి రొమ్ము చీల్చి నెత్తురు తాగిన భీముణ్ణి యుద్ధానంతరం గాంధారి నిలదీసే సన్నివేశం భారతం స్త్రీపర్వంలో ఉంది. తిక్కన తెనిగించిన పదిహేను పర్వాల్లో అదొకటి. తోటి మనిషి నెత్తురు తాగడం ఎంతటి అనార్యమని ఆమె అడిగితే, మూలంలో భీముడు ఇచ్చే జవాబు ఆశ్చర్యకరమైనది. ఆ నెత్తురు తన పెదవులను, దంతాలను దాటి లోపలికి పోలేదంటాడు. చేసిన పనిని సమర్థించుకోకుండా, ఆ పనికి 'పానం' అన్న పేరు తగదంటున్నాడు. అతని నిర్వచనంలో గీత పెదవి దగ్గర ఉంది. వ్యాసుడి కాలానికే క్రియకు హద్దు ఎక్కడన్నది ధర్మనిర్ణయమైంది. ఇది రక్తమార్పిడికి అనుమతి అని చెప్పడం అతివ్యాప్తి అవుతుంది. తినడం, తాగడం అన్నవాటికి నోరు సరిహద్దన్న భావన ఎంత పాతదో మాత్రం ఇది చూపిస్తుంది.

ఛాందోగ్యంలోని ఉషస్తి చాక్రాయణుడి కథ ఇంకా దగ్గరిది. కరవుకాలంలో అతను ఏనుగుల మావటి తింటున్న ఎంగిలి మినుములు అడిగి తింటాడు. తర్వాత నీళ్ళిస్తే వద్దంటాడు. ఎంగిలి మినుములు తిన్నవాడివి ఎంగిలి నీళ్ళకేమని అడిగితే, అవి తినకపోతే బతికేవాణ్ణి కాననీ, నీళ్ళు ఎక్కడైనా దొరుకుతాయనీ అంటాడు. బ్రహ్మసూత్రాలు ప్రాణం పోయే స్థితిలో అన్ని అన్నాలకూ అనుమతి ఉందన్న సిద్ధాంతానికి ఈ కథనే ఆధారం చేసుకున్నాయి. ఇక్కడ నిషేధం రద్దు కాలేదు. ప్రాణం నిలిచిన మరుక్షణం తిరిగి అమల్లోకి వచ్చింది.

సాక్షులు చూపే లేవీయకాండం మొదట యూదులది. రక్తం తినకూడదన్న నియమాన్ని వారు ఇప్పటికీ పాటిస్తారు. మాంసాన్ని ఉప్పు పట్టించి రక్తం పిండుతారు. అయినా రక్తమార్పిడికి వారి ధర్మశాస్త్రంలో అడ్డు లేదు. ప్రాణరక్షణ దాదాపు అన్ని నియమాలనూ పక్కన పెడుతుందన్న సూత్రాన్ని వారు 'పికువాఖ్ నెఫెష్' అంటారు. రక్తంలో ఉందని చెప్పిన నెఫెష్, కాపాడమని చెప్పిన నెఫెష్ ఒకటే పదం. ఖురాన్ కూడా రక్తాన్ని నిషిద్ధ ఆహారాల్లో చేర్చి, గత్యంతరం లేనివాడికి పాపం లేదని ఆ వాక్యంలోనే మినహాయింపునిచ్చింది. సాక్షుల పఠనంలో విలక్షణత నిషేధంలో లేదు. ఆపద్ధర్మానికి చోటు ఇవ్వకపోవడంలో ఉంది. వారిని అడగవలసిన ప్రశ్న అది.

న్యాయస్థానం ఆ ప్రశ్న ఎందుకు అడగదన్నదానికి ఒక తెలుగువాడి తీర్పు మంచి నిదర్శనం. కేరళలో జాతీయగీతం పాడని సాక్షుల పిల్లలను బడి నుంచి తీసివేసిన కేసులో 1986లో సుప్రీంకోర్టు తరఫున తీర్పు రాసిన ఒ. చిన్నపరెడ్డి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి. విశ్వాసం కోర్టుకు సబబుగా తోస్తున్నదా అన్నది అప్రస్తుతం, మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అన్నదే పరీక్ష అని ఆయన నిర్ణయించారు. పౌరస్వేచ్ఛకు ఆ పరీక్ష అవసరం. అడ్డుప్రశ్నల్లో వచనాలు వినిపించినా తీర్పులో ఫియోనా చేసినదీ అదే. ఆమె బాలుడి సంక్షేమాన్ని తూచింది, వచనాన్ని తూచలేదు. కోర్టుకు ఆ సంయమనం ధర్మం. నవలాకారుడు కూడా కోర్టు సంయమనాన్నే పాటించడం మాత్రం సమర్థనీయం కాదు.

ఈ నిరాకరణ వైద్యానికి చేసిన మేలును మరవడం పక్షపాతమవుతుంది. డెంటన్ కూలీ బృందం రక్తం వాడకుండా సాక్షులకు చేసిన 542 గుండె, రక్తనాళాల శస్త్రచికిత్సల వివరాలను 1977లో ప్రకటించింది. 1999లో కెనడా పరిశోధకులు, అత్యవసర చికిత్సలో ఉన్న రోగుల్లో హిమోగ్లోబిన్ 7 దాకా తగ్గేవరకు రక్తం ఎక్కించకుండా ఆగడం, 10 దగ్గరే ఎక్కించడం కన్న ప్రమాదకరం కాదని చూపారు. అలవాటుగా ఒక సీసా ఎక్కించే పద్ధతి మీద అనుమానం పెరిగిందంటే అందులో ఈ రోగులకూ కొంత వాటా ఉంది. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావంలో, లుకేమియాలో మాత్రం ఈ ప్రత్యామ్నాయాలు చాలవు. అక్కడ పఠనదోషానికి మూల్యం ప్రాణమే.

చివరిగా తెలుగు మాటలు. సూదిలో దారం ఎక్కిస్తారు, బండికి బస్తాలు ఎక్కిస్తారు, రోగికి సెలైన్ ఎక్కిస్తారు. రక్తానికీ తెలుగువారు ఆ క్రియనే వాడారు. తినిపించడం, తాగించడం, పట్టించడం అనలేదు. రక్తానికి తాగడమన్న క్రియ తగిలినచోట అర్థం దోపిడీ. జలగకు, వడ్డీ వ్యాపారికి అది చెల్లుతుంది. ఎక్కించడమన్నచోట అర్థం రక్షణ. నాలుగు సువార్తలు చదివిన తెలుగు సాక్షి కూడా ఆసుపత్రిలో 'రక్తం ఎక్కించవద్దు' అనే అంటాడు. తాను నిరాకరిస్తున్నది భోజనం కాదని అతని భాషే సాక్ష్యమిస్తున్నది.

ఇచ్చేవైపు మాట 'దానం'. అన్నదానం, గోదానం, కన్యాదానాల వరసలో రక్తదానం చేరింది. అంటే రక్తమార్పిడిని అంగీకరించిన సమాజం కూడా దాన్ని మతపరిభాషతోనే అంగీకరించింది. ఆచరణ ఆ మాటకు చాలాకాలం తగలేదు; రక్తం అమ్ముకుని బతికినవారు ఉండేవారు. 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు మేరకు 1998 జనవరి 1 నుంచి రక్తవిక్రయం నిషిద్ధమైంది. రక్తం అమ్మకూడదన్నది లౌకిక రాజ్యం పెట్టుకున్న రక్తనిషేధం. 'అమర్ అక్బర్ ఆంథొనీ' (1977) చిత్రంలో మూడు మతాల్లో పెరిగిన ముగ్గురు అన్నదమ్ముల రక్తం గొట్టాల్లో పైకి ప్రవహించి, ఒకే సీసాలో కలిసి, తల్లి చేతిలోకి దిగుతుంది. వైద్యరీత్యా అసాధ్యమైన ఆ దృశ్యాన్ని ప్రేక్షకులు ప్రశ్నించకుండా ఆదరించారు. విశ్వాసం నిరాకరించేవాడి సొత్తు మాత్రమే కాదు.

తెలుగు పరిభాషలో తీరని ఇబ్బంది ఒకటి ఉంది. రోగి జేబులోని కార్డు రక్తం వద్దంటుంది. అల్బుమిన్ వద్దా, గడ్డకట్టించే అంశాలు వద్దా, ఇమ్యునోగ్లోబులిన్లు వద్దా అన్నది మనస్సాక్షికి వదిలిన విషయం గనుక వైద్యుడు ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగాలి. ఆ అంశాలకు వాడుక తెలుగులో పేర్లు లేవు. అన్నిటినీ కలిపి రక్తం అనే ఒక్క మాటతో అడిగితే రోగి వద్దనే అంటాడు. అతను వద్దన్నదాంట్లో అతని మతం వద్దననివి కూడా చేరిపోతాయి.